రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ మీరే లెక్కగట్టుకోవడం ఎలా

మా మేనమామ జగిత్యాల నుంచి దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు, టికెట్ ఇప్పించిన ఏజెంటు ఆయనకు "రెండున్నర గంటల ప్రయాణం" అని చెప్పాడు. టికెట్ మీద శంషాబాద్‌లో ఉదయం 10:00కు బయలుదేరి, దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కి చేరుతుందని ఉంది కాబట్టి ఆ మాటను ఎవరూ అనుమానించలేదు. ఆయనకు షుగర్ ఉంది. ఆరు గంటలకు మాత్ర వేసుకుని, ఏడు గంటలకు రెండు ఇడ్లీలు తిని, భోజనం దుబాయ్‌లో పన్నెండున్నరకు కదా అనుకుని విమానంలో తినడానికి ఏమీ దగ్గర పెట్టుకోలేదు. చేతి గడియారం పన్నెండున్నర దాటి ఒంటిగంట అయినా కిటికీలోంచి సముద్రమే కనిపిస్తుంటే ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. పక్క సీటు కుర్రాడు జేబులోంచి చాక్లెట్ తీసి ఇవ్వబట్టి గండం గడిచింది. ప్రయాణం నిజానికి నాలుగు గంటలు. టికెట్ మీదున్న రెండు అంకెలు రెండు వేర్వేరు దేశాల గడియారాలవని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు విమానం ఎక్కినా దూరాన్నీ సమయాన్నీ ముందుగా నేనే లెక్కవేసి ఇస్తున్నాను. ఇందుకు పెద్ద చదువేమీ అక్కర్లేదు, ఫోనులో ఉండే కాలిక్యులేటర్ చాలు. అయితే దూరం అంటే ఏ దూరం, సమయం అంటే ఏ సమయం అన్నది ముందు తేల్చుకోవాలి. గూగుల్‌ని అడిగితే ఒక అంకె, టికెట్‌లో ఇంకో అంకె, విమానంలో సీటు ముందున్న తెర మీద మూడో అంకె కనిపించడానికి కారణం అవి మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కావడమే. కింది క్రమంలో వెళ్తే ఆ మూడింటినీ విడివిడిగా తెలుసుకోవచ్చు.

మొదటి మెట్టు: ఊరి పేరును కాదు, విమానాశ్రయం కోడ్‌ను పట్టుకోండి

ప్రతి విమానాశ్రయానికీ మూడు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. శంషాబాద్‌కు హెచ్‌వైడీ, విశాఖపట్నానికి వీటీజెడ్, గన్నవరానికి వీజీఏ. టికెట్ మీద పెద్ద అక్షరాలతో కనిపించేది ఇదే. ఊరి పేరుతో వెతికితే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా హైదరాబాద్ ఉంది, దాని విమానాశ్రయానికి హెచ్‌డీడీ అనే వేరే కోడ్ ఉంది. గోవాలో పాత దబోలిం జీఓఐ కాగా, 2023 జనవరిలో మొదలైన మోపా జీఓఎక్స్. ఒకటి దక్షిణాన, మరొకటి ఉత్తరపు కొసన ఉన్నాయి కాబట్టి ఏది ఎక్కడుందో చూడకుండా హోటల్ తీసుకుంటే టాక్సీకే చాలా ఖర్చవుతుంది. దుబాయ్‌లోనూ డీఎక్స్‌బీ, డీడబ్ల్యూసీ అని రెండున్నాయి.

అసలు విమానాశ్రయమే చోటు మారితే పాత లెక్కలన్నీ మారతాయి. 2008 మార్చిలో హైదరాబాద్ విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలినప్పుడు అదే జరిగింది. విశాఖకు ఉత్తరాన భోగాపురంలో చేపట్టిన కొత్త విమానాశ్రయం విషయంలోనూ ఇది గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలో విశాఖ లెక్కలన్నీ నౌకాదళం ఐఎన్‌ఎస్ డేగా ప్రాంగణంలో ఉన్న వీటీజెడ్‌కు సంబంధించినవి.

రెండో మెట్టు: అక్షాంశ, రేఖాంశాలతో దూరం కట్టండి

విమానాశ్రయం పేరు మీద మ్యాపులో వేలు నొక్కి పట్టుకుంటే రెండు దశాంశ సంఖ్యలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. శంషాబాద్‌కు 17.240, 78.429. విశాఖకు 17.721, 83.225.

దగ్గరి ఊళ్లకైతే బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్క సరిపోతుంది. అక్షాంశంలో ఒక్కో డిగ్రీ భూమి మీద ఎక్కడైనా దాదాపు 111.2 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ దగ్గర అంతే ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. అందువల్ల దాన్ని ఆ చోటి అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. మన దగ్గర, అంటే సుమారు 17.5 డిగ్రీల దగ్గర, అది 106 కిలోమీటర్లు. శంషాబాద్‌కూ విశాఖకూ అక్షాంశంలో తేడా 0.481, అంటే ఉత్తరానికి 53.5 కిలోమీటర్లు. రేఖాంశంలో తేడా 4.796, అంటే తూర్పుకు సుమారు 508 కిలోమీటర్లు. రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 511 కిలోమీటర్లు వస్తుంది. సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందేభారత్ రైలు 699 కిలోమీటర్ల పట్టాల మీద ఎనిమిదిన్నర గంటలు నడుస్తుంది. పట్టాలు ఊళ్ల వెంట తిరుగుతూ పోతాయి కాబట్టి ఆ దూరాన్ని విమానం లెక్కకు వాడకూడదు.

దూరం వెయ్యి కిలోమీటర్లు దాటితే భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దుబాయ్‌తో చేసి చూపిస్తాను. డీఎక్స్‌బీ అక్షాంశం 25.253, రేఖాంశం 55.366. శంషాబాద్‌తో రేఖాంశపు తేడా 23.06 డిగ్రీలు. ఫోను కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే సైన్, కొసైన్ మీటలు కనిపిస్తాయి. లెక్క మొదలుపెట్టే ముందు అది డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా అని తప్పకుండా చూసుకోండి; ఈ లెక్క తప్పిందని నాకు చూపించిన వాళ్లలో ఎక్కువమంది ఫోను రేడియన్లలోనే ఉంది.

ముందుగా రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2964 × 0.4266 = 0.1264. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లనూ రేఖాంశపు తేడా కొసైన్‌నూ కలిపి గుణించండి: 0.9551 × 0.9044 × 0.9201 = 0.7948. ఈ రెండింటినీ కూడితే 0.9212. ఏ కోణానికి కొసైన్ 0.9212 అవుతుందో విలోమ కొసైన్ మీటతో చూస్తే 22.9 డిగ్రీలు వస్తుంది. దాన్ని 111.2తో గుణిస్తే దాదాపు 2,546 కిలోమీటర్లు. అమెరికా వంటి పశ్చిమ రేఖాంశాలకు ముందు మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోకండి. భూమి అచ్చమైన గోళం కాదు కాబట్టి ఈ పద్ధతిలో నూటికి అర వంతు వరకు తేడా రావచ్చు, మన అవసరాలకు దాని వల్ల ఇబ్బందేమీ లేదు. చేత్తో చేసే ఓపిక లేకపోతే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైటులో రెండు కోడ్‌లు ఇస్తే ఇదే దూరం చెబుతుంది. అయినా ఒక్కసారైనా మీ చేత్తో చేసి చూడమని నా మనవి. ఆ తర్వాత ఎవరు ఏ అంకె చెప్పినా అది నమ్మదగిందో కాదో మీకే తెలిసిపోతుంది.

పైలట్లు నాటికల్ మైళ్లలో మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, అక్షాంశంలో డిగ్రీకి అరవయ్యో వంతు. అందుకే పైన వచ్చిన 22.9 డిగ్రీలను 60తో గుణిస్తే సూటిగా 1,374 నాటికల్ మైళ్లు వచ్చేస్తాయి. విదేశీ వెబ్‌సైట్లలో మామూలు మైళ్లు కూడా ఉంటాయి, అవి 1.609 కిలోమీటర్ల చొప్పున. మూడింటినీ కలగలిపితే దుబాయ్ ఒకచోట 1,374గా, మరోచోట సుమారు 1,580గా కనిపించి కంగారు పెడుతుంది.

ఈ దూరాన్నే మహావృత్త దూరం అంటారు. గోడ మీద వేలాడే పటంలో గీసిన గీతకూ దీనికీ పోలిక ఉండదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు, అది పడమటగా అట్లాంటిక్ వైపు పోతుందనుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. పైన చెప్పిన పద్ధతిలో లెక్క కడితే ఆ దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు, ఆ దారి శంషాబాద్ నుంచి దాదాపు ఉత్తరానికే, కేవలం పన్నెండు డిగ్రీలు పడమటికి వంగి మొదలై, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి అటువైపు దిగుతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. దారం ఎటు పోతే దగ్గరి దారి అటే.

మూడో మెట్టు: దూరాన్ని సమయంగా మార్చండి

దూరాన్ని వేగంతో భాగించడంతో పని అయిపోదు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 వంటి విమానాలు ఎత్తుకు చేరాక గంటకు 830 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో పోతాయి. దూరప్రయాణాలకు వాడే బోయింగ్ 777 వంటివి 900 దగ్గర పోతాయి. కానీ టికెట్ మీద ముద్రించే సమయం గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసినప్పటి నుంచి, దిగిన చోట గేటు దగ్గర మళ్లీ దిమ్మలు పెట్టేవరకు పట్టే మొత్తం సమయం అది. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే వరకు నెమ్మదిగా నడవడం, వరుసలో తన వంతు కోసం ఆగడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించుకుంటూ చుట్టు తిరిగి రావడం అన్నీ ఇందులోకే వస్తాయి. పదివేల అడుగుల కింద విమానాలు సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించవు.

అందుకని నేను వాడే సూత్రం ఇది: జెట్ విమానమైతే కిలోమీటర్లను 800తో భాగించి, వచ్చిన సమయానికి 35 నిమిషాలు కలపండి. విశాఖకు 38 నిమిషాలూ 35 నిమిషాలూ కలిపి గంటా పదమూడు నిమిషాలు. ఢిల్లీ మహావృత్త దూరం సుమారు 1,265 కిలోమీటర్లు కాబట్టి గంటన్నరకు మరో ఐదు నిమిషాలు, దానికి 35 కలిపి రెండు గంటల పది నిమిషాలు. ఢిల్లీ, ముంబై వంటి రద్దీ విమానాశ్రయాలకు మరో పది పదిహేను నిమిషాలు కలపడం న్యాయం. ముంబైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి కాబట్టి ఒక సమయంలో ఒక్కటే వాడగలరు, ఆ భారం గాల్లో తిరుగుతూ ఎదురుచూసే విమానాల మీద పడుతుంది.

విమానం ఏదో చూడకుండా ఈ సూత్రాన్ని వాడకూడదు. కడప వంటి చిన్న విమానాశ్రయాలకు తిరిగే ఏటీఆర్ విమానాలకు పంకాలు ఉంటాయి, వాటి వేగం గంటకు 500 దగ్గరే. వాటికి 450తో భాగించి అరగంట కలపాలి. శంషాబాద్ నుంచి కడప సుమారు 305 కిలోమీటర్లే, అయినా ఏటీఆర్‌లో గంటా పది నిమిషాలు పడుతుంది. అంటే 511 కిలోమీటర్ల దూరాన ఉన్న విశాఖకు జెట్‌లో ఎంతసేపో కడపకు కూడా ఇంచుమించు అంతసేపే. దూరం సగానికి కాస్త పైన ఉన్నా సమయం తగ్గకపోవడం చూసి సంస్థను తప్పుపట్టనక్కర్లేదు. టికెట్ మీద విమానం రకం రాసి ఉంటుంది, ఏటీ7 అనో ఏటీఆర్ అనో కనిపిస్తే అదే.

నాలుగో మెట్టు: గాలి ఎటు వీస్తుందో చూసి సరిదిద్దండి

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులను జెట్ స్ట్రీమ్ అంటారు. శీతాకాలంలో ఇవి ఉత్తర భారతం మీద బాగా బలంగా ఉంటాయి. విమానం గాలిలో ఈదుతుంది కాబట్టి గాలి వేగం దాని వేగానికి కలుస్తుంది, లేదా తీసివేత అవుతుంది. దుబాయ్ దారిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. 830 వేగం మీద వెళ్లేటప్పుడు 780, వచ్చేటప్పుడు 880 అవుతుంది. 2,546 కిలోమీటర్లను ఆ రెండింటితో భాగిస్తే మూడు గంటల పదహారు నిమిషాలు ఒకటి, రెండు గంటల యాభై నాలుగు నిమిషాలు మరొకటి. తేడా 22 నిమిషాలు. దీని మీద నేల పనులు కలిపితే, పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు అని టికెట్‌లో ఎందుకు ఉంటుందో అర్థమవుతుంది. దక్షిణోత్తరంగా పోయే హైదరాబాద్, ఢిల్లీ దారిలో గాలి పక్కనుంచి తగులుతుంది కాబట్టి రానూపోనూ సమయాల్లో అంత తేడా ఉండదు.

గాలి ఎంత విలువైనదో తెలియాలంటే ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కో దారి చూడాలి. ఎయిర్ ఇండియా ఆ విమానాన్ని 2015 డిసెంబరులో అట్లాంటిక్ మీదుగా మొదలుపెట్టి, 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు తిప్పింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం ఇంచుమించు రెండు గంటలు తగ్గింది. వెనక గాలి అంత సాయం చేసింది.

దీనితోపాటు మూసిన గగనతలాలు కూడా చూసుకోవాలి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుంచి పశ్చిమానికి పోయే మన విమానాల దారులు అరేబియా సముద్రం వైపు వంగి పొడవయ్యాయి. హైదరాబాద్, దుబాయ్ దారి ఎలాగూ పడమటి తీరం దాటి సముద్రం మీదుగానే పోతుంది కాబట్టి దానికి ఆ బాధ చాలా తక్కువ. ఏ గొడవా లేని రోజుల్లో కూడా విమానం దారపు గీత మీద సూటిగా పోదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన కాలుష్యపు లెక్కల్లో మహావృత్త దూరానికి 550 కిలోమీటర్ల లోపైతే 50, 5,500 లోపైతే 100, ఆపైన 125 కిలోమీటర్లు కలుపుతుంది. సీటు ముందు తెర మీద అంకె మీ లెక్క కన్నా కాస్త ఎక్కువ చూపిస్తే ఆశ్చర్యపోకండి.

ఐదో మెట్టు: రెండు గడియారాలను ఒకటి చేయండి

మా మేనమామ ఇబ్బంది పడింది ఇక్కడే కాబట్టి దీన్ని నిదానంగా చదవండి. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. రెండింటినీ తీసివేసే ముందు చేరే సమయాన్ని మన సమయంలోకి మార్చాలి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనుక. అక్కడి 12:30కి గంటన్నర కలిపితే ఇక్కడ మధ్యాహ్నం 2:00. పది గంటల నుంచి రెండు గంటల వరకు నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో ఇదే గంటన్నర ఎదురు తిరిగి, మూడున్నర గంటల ప్రయాణం టికెట్ మీద ఐదు గంటలుగా కనిపిస్తుంది.

అమెరికా, బ్రిటన్‌లకు ఇంకో చిక్కు ఉంది, వాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారు. షికాగో శీతాకాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనుక; మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు పదిన్నర గంటలే. శనివారం తెల్లవారుజామున 2:00కు ఇక్కడ బయలుదేరి అదే శనివారం ఉదయం 7:00కు షికాగోలో దిగుతుందని జనవరి టికెట్‌లో ఉంటే, ఐదుకు పదకొండున్నర కలిపి పదహారున్నర గంటలు అని తీసుకోండి. తేదీ పక్కన చిన్నగా ప్లస్ ఒకటి అని ఉందేమో కూడా చూడండి. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఒకరోజు ముందే వచ్చి నిలబడే పరిస్థితి ఆ చిన్న అంకెను వదిలేయడం వల్లే వస్తుంది.

ఆరో మెట్టు: మధ్యలో దిగే ప్రయాణాన్ని ముక్కలుగా కట్టండి

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా షికాగో వెళ్తే 2,546కు 11,640 కలిపి సుమారు 14,190 కిలోమీటర్లు. నేరు దారి కన్నా 900 కిలోమీటర్లు ఎక్కువ, అంటే గాల్లో ఒక గంట మాత్రమే ఎక్కువ. మిగిలినదంతా మధ్యలో కూర్చునే సమయం. కాబట్టి మధ్యలో ఆగే టికెట్లను పోల్చేటప్పుడు దూరాన్ని పట్టించుకోకుండా ఆగే గంటలనే చూడండి. రెండు విమానాలూ ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నాయా అన్నది కూడా చూడాలి. వేర్వేరుగా కొన్న టికెట్లయితే సామాను తీసుకుని మళ్లీ వేయాలి, మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత ఎవరూ తీసుకోరు. ముంబైలో ఒకటో టెర్మినల్ నుంచి రెండో టెర్మినల్‌కు మారాల్సి వస్తే రోడ్డు మీద ట్రాఫిక్‌లో పోవాలి.

ఏడో మెట్టు: మీ లెక్కను నిజమైన విమానంతో సరిచూడండి

ఫ్లైట్‌రాడార్24 లేదా ఫ్లైట్‌అవేర్‌లో మీ విమానం నంబరు కొడితే గత వారం రోజులుగా అది ఎన్నింటికి లేచి ఎన్నింటికి దిగిందో కనిపిస్తుంది. అక్కడ గాల్లో ఉన్న సమయం మీ లెక్కకన్నా అరగంట తక్కువగా ఉంటే లెక్క సరైనదే, నేల మీద పట్టే సమయం అందులో లేదంతే. వారంలో నాలుగు రోజులు ఆలస్యంగా బయలుదేరిన విమానాన్ని మధ్యలో మారే ప్రయాణానికి ఎంచుకోకండి.

ఈ అంకెలకు డబ్బు విలువ కూడా ఉంది. విమానం ఆలస్యమైతే భోజనం ఎప్పుడు పెట్టాలన్నది మన పౌర విమానయాన డైరెక్టరేట్ బ్లాక్ టైమ్‌ను బట్టే నిర్ణయించింది: రెండున్నర గంటల లోపు విమానానికి రెండు గంటల ఆలస్యం దాటితే, రెండున్నర నుంచి ఐదు గంటల విమానానికి మూడు గంటలు దాటితే. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన పరిహారపు నియమం మహావృత్త దూరాన్నే కొలతగా తీసుకుంది.

చివరిగా ఇంటి నుంచి ఇంటికి

జగిత్యాల నుంచి శంషాబాద్‌కు కారులో ఐదు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు, విమానంలో నాలుగు గంటలు, అక్కడ ఇమ్మిగ్రేషన్, సామాను, రోడ్డు కలిపి రెండు గంటలు. మొత్తం పద్నాలుగు గంటలు. పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు, మందులు వాడేవాళ్లకు చెప్పాల్సిన అంకె ఇదే. దీన్ని ఒక కాగితం మీద ఇంటి గడియారం ప్రకారం గంటల వారీగా రాసి చేతిలో పెట్టండి.

మా మేనమామ రెండోసారి వెళ్లినప్పుడు నేను రాసిచ్చిన కాగితం పాస్‌పోర్టులో మడిచి పెట్టుకున్నారు. "10:00 విమానం కదులుతుంది. 11:30కి చపాతీలు తినాలి. 1:00కి బిస్కెట్లు. 2:00కు దిగుతారు, అప్పటిదాకా గడియారం మార్చవద్దు" అని అందులో ఉంది. దిగాక ఫోను చేసి, రెండుకు ఐదు నిమిషాలు తక్కువగా చక్రాలు నేలకు తగిలాయని చెప్పారు.